ఇసుకకు అమ్మిన మంచు మిషన్

నా పనితనాన్ని ఎవరైనా మెచ్చుకుంటే తల దించుకుంటాను. వినయం అనుకుంటారు. కాదు. ఏళ్ల తరబడి ఒక తప్పును కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ఒమన్‌లో అల్ ఖౌద్ అనే ఊళ్లో పాత మిషన్లు బాగుచేసి అమ్మే షాపులో మెకానిక్‌ని. షాపు పేరుకు అర్బాబ్‌ది, అంటే అరబ్బు యజమానిది, పని మొత్తం నాది. ఒకసారి చలిదేశం నుంచి వచ్చిన పాత సామాన్లలో, దారి మీద పేరుకున్న మంచును ఎత్తి పక్కకు విసిరే మిషన్ ఒకటి దొరికింది. ఒమన్‌లో మంచేమిటని అందరూ నవ్వారు. నాకు పంతం పుట్టింది. కార్బురేటర్ విప్పి కడిగాను. తుప్పంతా గీకి, వంగిపోయిన రెక్కలను సరిచేసి వెల్డింగ్ పెట్టి, ఎర్ర రంగు వేశాను. తాడు ఒక్కసారి లాగితే చాలు, స్టార్టయ్యేది. ఆ చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ ఛాతీ ఉబ్బుతుంది. సిగ్గుపడాల్సిన చోట ఈ గర్వమేమిటి? ఏమో, ఉంది మరి.

షినాస్‌లో ఖర్జూరం తోట చూసుకునే ఓబులేసు అప్పుడే వచ్చాడు. కడప మనిషి. తోట బాటను ఇసుక కమ్మేస్తోందని, పార పట్టి పట్టి నడుం పోయిందని వాపోయాడు.

అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. ఆ మిషన్‌కు కావాలనే ఒక మెత్తటి బోల్టు పెడతారు. బరువు మించితే ముందు అది తెగి గేర్‌బాక్స్‌ను కాపాడుతుంది. షాపు వెనక ఇసుకలో నడిపితే ఆ బోల్టు తెగిపోతూనే ఉండేది. ఇది ఇసుకకు పనికిరాదని నాకు తెలిసిపోయింది. తెలిసీ, గట్టి స్టీలు బోల్టు బిగించాను. ఓబులేసు కళ్ల ముందే ఇసుక ఎగిరి అవతల పడింది. మురిసిపోయి, తన అర్బాబ్‌ను బతిమాలి కొనిపించాడు.

కొన్నాళ్లకే గేర్‌బాక్స్ పగిలింది. మిషన్‌ను పికప్‌లో వేసుకొచ్చాడు.

"అన్నా, యాడో రాయికి కొట్టించినట్టుండా. నాది మొరటు చెయ్యి. అర్బాబ్ ట్రాక్టర్ తోలే పని నాకిస్తానన్నోడు, ఇప్పుడు మిషన్ల కాడికే రావద్దంటాండాడు. మిషన్‌లోనే ఏమన్నా ఉంటే ఒక మాట చెప్పన్నా, ఆయనకు చెప్పుకుంటా."

షాపులో అందరూ వింటున్నారు.

"నేను చేసిన మిషన్‌లో ఏముంటుందయ్యా? నిదానంగా తోలుకోవాల్సింది," అన్నాను.

నమ్మాడు. పైగా, పాడుచేసినందుకు ఏమీ అనుకోవద్దని నన్నే అడిగి వెళ్లాడు.

ఎందుకన్నాను ఆ మాట? తిట్లకు భయపడా? కాదు, నేను ముట్టుకున్నది చెడిపోయి తిరిగొచ్చిందని పక్క షాపుల వాళ్లు చెప్పుకుంటే నేను బతికి ఉండి ఏం లాభం అనిపించింది, అంత పొగరు నాకు. ట్రాక్టర్ వేరేవాడికి పోయింది. ఓబులేసు మళ్లీ పారే పట్టాడు. ఇప్పుడు ఒమన్ వదిలి సొంతూళ్లో ఉన్నాడు. మోటారు స్విచ్ వేయమన్నా దూరంగా జరిగి, తన చేతికి మిషన్లు అచ్చిరావని అంటాడట. ఆ మాట చెప్పిన అతని ఊరివాడు నవ్వాడు. నేనూ నవ్వాను, ఛీ.

అతనికి ఫోన్ చేసే ధైర్యం ఇవాళ్టికీ రాలేదు. కానీ ఇన్నాళ్లకు ఒక మనిషికైనా చెప్పాను, గుండె కాస్త కుదుటపడింది. ఆ బోల్టు బిగించింది నేను. ఓబులేసు చేతిలో ఏ లోపమూ లేదు.