జపాన్‌కు రాసిన కార్డు

నిన్న రాయచూరు ఇంట్లో నాయన రేకుపెట్టె తెరిచాను. స్టాంపు సిరా వాసన గుప్పుమంది. వెంటనే నాకు ఊపిరాడనట్టయింది.

నాయనకు హ్యామ్ రేడియో పిచ్చి. అందులో ఏ దేశపువాళ్లతో మాట్లాడినా, మాట్లాడినట్టు రుజువుగా వాళ్లకొక కార్డు పంపాలి. నా తొమ్మిదో ఏట ఎండాకాలం సెలవులన్నీ ఆ కార్డులకే పోయాయి. అట్ట కత్తిరించాలి, స్టాంపు కొట్టాలి, ‘మీ మాట స్పష్టంగా వినబడింది’ అని ఇంగ్లీషులో రాయాలి. చప్పుడు మైకులోకి పోతుందని రేడియో పెట్టిన ఆ చిన్న అర్రకు తలుపు మూత, ఫ్యాను బంద్. బయట తొక్కుడుబిళ్ల ఆడే పిల్లల అరుపులు మాత్రం తలుపు సందులోంచి వచ్చేవి.

“నాయనా, నేను గూడ ఆడుకోను పోత.”

“గిన్ని కార్డులున్నయి, యాడికి పోతవ్? కూసో.”

ఒకరోజు జపాన్‌కు పోవాల్సిన కార్డు అడుగున తెలుగులో రాశాను: ‘నన్ను ఈ అర్రలకెల్లి తీస్కపోండ్రి.’ తెలుగు అక్షరాలు నాకు అవ్వ నేర్పింది. నాయన చదివింది కన్నడ బడిలో. ఆయనకు తెలుగు చదవరాదని నా ధైర్యం.

మర్నాడు నాయన తలుపు బార్లా తెరిచి, “పో బిడ్డ, ఆడుకోపో” అన్నాడు. కార్డు చూసి జపానాయన రేడియోలో నాయనను గట్టిగా తిట్టి ఉంటాడనుకున్నాను. కార్డు ఒక్కరోజులో అంతదూరం ఎట్లా చేరిందని ఆలోచించనే లేదు.

నిన్న పెట్టె అడుగున ఆ కార్డే దొరికింది. అవ్వ నాకంటే ముందు తన కొడుకైన నాయనకూ నేర్పి ఉంటుందని ఆ వయసులో నాకు తట్టలేదు. నా వాక్యం కింద పెన్సిలుతో, వంకర తెలుగు అక్షరాల్లో నాయన రాసిపెట్టాడు: ‘స్పష్టంగా వినబడింది.’