సీమావు మీద గీసిన బొమ్మ

వెటర్నరీ కాలేజీలో చేరేదాకా నేను ఆవును చేత్తో తాకి ఎరగను. మాది మారికుప్పం. తాత చిత్తూరు వైపు నుంచి బంగారు గనిలో పనికొచ్చి, చర్చి వెనకాల లైన్ ఇళ్ళలో ఉండిపోయాడు. మా వీధిలో పాలంటే ప్యాకెట్టే. నాకొచ్చిన ర్యాంకుకు ఆ సీటు దొరికింది, చేరిపోయాను.

అలా నేను మొదట దగ్గరగా చూసిన పశువు ప్రాణం లేనిది. అనాటమీ హాల్లో ఇనప చట్రానికి వేలాడదీసి, బతికున్నట్టే నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన గేదె. ఫార్మలిన్ ఘాటుకు కళ్ళలో నీళ్ళు నిండేవి. కిటికీల వెలుతురులో అది చెరువు అడుగున నిలుచున్నట్టు కనిపించేది. ఎడమవైపు చర్మం తీశాం, కండలు పొరలు పొరలుగా విప్పాం, పక్కటెముకలు తీశాం. లోపల తడిసిన తోలు సంచిలా పెద్ద పొట్ట. మేడమ్ ఒక్కో భాగం పేరు చెప్తుంటే రాసుకునేదాన్ని. సాయంత్రానికి అన్నీ కలగలిసిపోయేవి. నిద్రలో కూడా ఆ గేదె చుట్టూ తిరిగేదాన్ని. ఎంత తిరిగినా కుడివైపు వచ్చేది కాదు.

హాస్టల్లో నా గదిలో ఉండే స్నేహితురాలిది నంగలి దగ్గర పల్లె. ఒక శనివారం, "చచ్చినదాన్ని చూసి ఎంతకని నేర్చుకుంటావు? మా ఇంటికి రా, ఊపిరి పీల్చేదాన్ని చూపిస్తా" అంది. ఇంటికి పోవడానికి ఎప్పుడూ మారికుప్పం దాకా ఎక్కే రైల్లోంచి ఆ రోజు బంగారుపేటలోనే దిగి, ఆమెతో బస్సెక్కాను.

మేం పోయేసరికి ఇంట్లో వాళ్ళవ్వ ఒక్కతే ఉంది. మిగతావాళ్ళు మామిడితోటకు పోయారు. కొట్టంలో నిండు చూలుతో సీమావు నెమరు వేస్తోంది. నల్లటి ఒళ్ళు, అక్కడక్కడా తెల్ల మచ్చలు. స్నేహితురాలు సుద్దముక్క నా చేతికిచ్చి, "గియ్యి" అంది.

చివరి పక్కటెముక వెతికి పట్టుకుని, భయం భయంగా గీత మొదలుపెట్టాను. చర్మం జలదరించింది. నల్లటి చోట గీత వెలిగేది, తెల్ల మచ్చ రాగానే మాయమయ్యేది, మచ్చ దాటాక మళ్ళీ తేలేది. ఆవు ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా నా బొమ్మ ఉబ్బి, అణిగి, మళ్ళీ ఉబ్బింది.

అవ్వ గడప మీద కూర్చుని నవ్వింది. "ఏమ్మా, గొడ్డుకు ముగ్గేస్తా ఉండావా?"

"కాదవ్వా, లోపలుండే పెద్ద పొట్ట. ఈ పక్కంతా ఇదే."

"ఇంతనా!" అవ్వ లేచి దగ్గరికొచ్చింది. "అందుకేనా, ఎంత గడ్డేసినా ఇంగా తే అంటాది!"

స్నేహితురాలు నా తలను మెల్లగా ఆవు డొక్కకు ఆనించింది. మొదట ఏమీ వినిపించలేదు. కాసేపటికి ఎక్కడో దూరాన ఉరుము మొదలై, దొర్లుకుంటూ వచ్చి, నా చెవి కిందుగా దాటిపోయింది. గనిలో, భూమి అడుగున రాయి పగిలితే మా లైన్ ఇళ్ళలో గిన్నెలు కదిలేవని తాత చెప్పేవాడు. అది నేను వినలేదు. ఇది వింటూ కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయాను.

"సరే, దూడ యాడ ఉండాది?" అంది అవ్వ.

కుడివైపుకు నడిచాను. "ఎడమపక్కంతా పొట్టే గదవ్వా, దానికి ఈ పక్కనే చోటు" అంటూ కిందుగా ఒక వంపు గీశాను. అవ్వ నా అరచేతిని ఆ వంపు మీద పెట్టి, తన చేత్తో లోపలికి నొక్కి, అలాగే పట్టుకుంది. ఈగలు ముసురుతున్నాయి. పెంకుల సందుల్లోంచి ఎండ చుక్కలు ఆవు వీపు మీద మెల్లగా జరుగుతున్నాయి. ఉన్నట్టుండి గట్టిగా ఏదో నా చేతికి తట్టి, వెనక్కి పోయింది. సుద్దగీత పైకి లేచి దిగింది.

ఉలిక్కిపడి చేయి లాక్కున్నాను.

"కాలు చాపినాది" అంది అవ్వ. "నిన్ను మాట్లాడిస్తా ఉండాది, అంతే."

సాయంత్రం నీళ్ళ తొట్టి దగ్గరికి ఆ గీతలతోనే నడిచింది ఆవు. దారిలో ఒక పెద్దాయన ఆగి, "ఇదేం వేషమమ్మా?" అన్నాడు. "కాలేజీ పిల్ల గీసినాదప్పా, లోపలుండేదంతా" అంది అవ్వ గంభీరంగా. తిరిగొచ్చేటప్పుడు ఆవు గోడకు ఒళ్ళు రుద్దుకుంది. సగం పొట్ట గోడ మీదే ఉండిపోయింది.

సోమవారం హాల్లో గేదె ఎప్పటిలాగే నిలబడి ఉంది. మేడమ్ అడిగినవాటిలో కొన్ని చెప్పగలిగాను, కొన్ని చెప్పలేకపోయాను.

కొన్నాళ్ళకు అవ్వ ఫోన్ చేసింది. "పెయ్యదూడ పుట్టినాదమ్మా. తల్లి మాదిరే నలుపు. యాడా నిలవదు, ఒకటే ఎగరడం. ఎప్పుడొస్తావు?"

పరీక్షలయ్యాక వస్తానన్నాను. నేను పోయేసరికి దూడ బాగా పెరిగింది. నెత్తి మీద నిమిరితే, కొమ్ములు మొలిచే చోట వేలికి గట్టిగా తగిలింది.