మట్టల ఆదివారం నాడు ముందు నడిచిన పిల్ల

మొన్న వీడియో కాల్‌లో నువ్వు ఈ అమ్మమ్మకు ఒక సర్టిఫికెట్టు చూపించావు. పిల్లలకు నాయకత్వం నేర్పే ఆన్‌లైన్ క్లాసు పూర్తి చేశావట. దాన్ని కెమెరాకు ఎంత దగ్గరగా పెట్టావంటే, నాకు బంగారు రంగు అంచు తప్ప ఏమీ కనిపించలేదు. బాగుంది బిడ్డా అన్నాను. నీ వెనక మీ తమ్ముడు నవ్వాడు. వాడెందుకు నవ్వాడో మన ముగ్గురికీ తెలుసు. మీ అమ్మకు మాత్రం సగమే తెలుసు కనుక, మొత్తం రాసి పెడుతున్నాను.

రెండేళ్ళ కిందట పరీక్షలు తొందరగా అయిపోయాయని మీరిద్దరూ పూణె నుంచి నస్పూర్ వచ్చారు. అప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. ఎవరైనా ప్రశ్న మొదలుపెడితే చాలు, సగంలోనే జవాబు చెప్పేసేదానివి. చాలాసార్లు సరైన జవాబే చెప్పేదానివి, అదే అసలు చిక్కు.

మట్టల ఆదివారం నాడు పిల్లలు ఈత మట్టలు పట్టుకుని, హోసన్నా పాడుతూ, మా ఇంటి నుంచి బొగ్గుగని క్వార్టర్ల వరుసలన్నీ తిరిగి చర్చికి వస్తారు. నేను సండే స్కూలు చెప్పేదాన్ని కాబట్టి, ఆ ఏడు ముందు నడిచేది నువ్వేనని నన్ను ఒప్పించడానికి నీకు రెండు పూటలు కూడా పట్టలేదు. ఎవరు ఎవరి పక్కన నడవాలో కాగితం మీద గీసుకొచ్చావు. మీ తమ్ముడిని మూడో వరుసలో పెట్టావు. వాడు దానికే అలిగాడు.

ఒక్క మాటే చెప్పాను నీకు. నాలుగో వరుస క్వార్టర్లలో ఒక ముసలామె ఉంటుంది, తుంటి విరిగినప్పటి నుంచి చర్చికి రాలేదు, ఆమె గుమ్మం ముందు ఆగి ఒక పాట పూర్తిగా పాడాలి అని. ఏడాదికి ఆమెకు అదొక్కటే ఆరాధన. నువ్వు "సరే సరే" అన్నావు. రెండు సరేలు అన్నావంటే వినలేదని నాకు ఆ తర్వాత తెలిసింది.

చర్చి గుమ్మం దగ్గర మేమంతా లేచి నిలబడ్డాం. డప్పు కొట్టే ఆయన చెయ్యి పైకెత్తాడు. అప్పుడు నువ్వు వచ్చావు. మట్ట పైకెత్తి, గొంతెత్తి పాడుతూ, ఒక్కదానివే. నీళ్ళ ట్యాంకు పక్క సందులోంచి వస్తే ఎండ తప్పుతుందని నీకు తట్టిందట. తట్టగానే అటు తిరిగావు. వెనక్కి తిరిగి చూడాలని మాత్రం తట్టలేదు.

పాస్టరుగారు నీ వెనక వీధి చివరి దాకా చూశారు.

"మిగిలినోళ్ళు రేపొస్తరా, బిడ్డా?"

అందరూ నవ్వారు. వాళ్ళే నా వెనక రాలేదు అన్నావు నాతో. నేను కొంగు సర్దుకుని, పద వెతుకుదాం అన్నాను.

నువ్వు పది అడుగులు ముందుకు ఉరికేదానివి, మళ్ళీ వెనక్కి వచ్చేదానివి. నేను మోకాలు పట్టుకుని ఒకసారి మోరీ కాలువ గట్టు మీద, ఇంకోసారి ఎవరిదో అరుగు మీద కూర్చున్నాను. మూడోసారి నువ్వు ఉరకలేదు. నా పక్కనే నడిచావు. నీకు రోజూ ఇంత నొప్పి ఉంటుందా అని అడిగావు. ఇన్నాళ్ళకు చెబుతున్నాను, ఆ రోజు నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. దేవుడు నన్ను క్షమిస్తాడు, మీ అమ్మ సంగతే అనుమానం.

పిల్లలంతా ఆ ముసలామె వాకిట్లోనే ఉన్నారు. చల్లటి నీళ్ళు తాగి, మట్టలు పరుచుకుని కూర్చున్నారు. పదండి, అందరూ మనకోసం చూస్తున్నారు అన్నావు. ఒక్కరూ కదల్లేదు.

"నువ్ మల్ల ఉరుకుతవ్. మేం రాం," అన్నాడు మీ తమ్ముడు. పూణె పిల్లాడికి పది రోజుల్లో ఆ భాష ఎక్కడిదని నాకు నవ్వొచ్చింది గానీ, నీ ముఖం చూసి మింగేశాను. ఇంకో రెండు మాటలంటే నువ్వు మట్ట అక్కడే పారేసి ఇంటికి పోయేదానివి. వాళ్ళు నీతో మళ్ళీ ఆడేవాళ్ళూ కాదు.

మంచం మీది నుంచి ముసలామె నిన్ను పిలిచింది.

"ముందు నడిశేది నువ్వేనటగా. మరి నా దర్వాజ కాడ నువ్వే కనవడలేవేంది?"

నువ్వు నిలబడ్డ చోటే కూర్చున్నావు. నీ పక్కన నాలుగేళ్ళ పాప ఒకటి మూలుగుతోంది. ఏమైందని అడిగావు.

"చెప్పులు కరుస్తున్నయ్."

కొత్త చెప్పులు. మడమ బొబ్బలెక్కింది. పొద్దున్నుంచీ ఆ ముక్క ఎవరూ అడగలేదు, నేను కూడా. నువ్వు చెప్పులు విప్పి వేలికి తగిలించుకుని, పాపను చంకనెత్తుకున్నావు. ముసలామెను ఏ పాట కావాలో అడిగావు. మూడు చరణాలూ, తొందరపడకుండా, పాప మట్టతో నీ చెంప మీద తాళం వేస్తుంటే అందరిచేతా పాడించావు. ముసలామె కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది.

అప్పుడు ఒక్కొక్కరే లేచారు. మీ తమ్ముడు అందరికంటే ఆఖరున లేచాడు, అదీ తన మట్ట నువ్వే మోస్తానన్నాక.

చర్చికి మీరు ఎంత ఆలస్యంగా వచ్చారంటే, పాస్టరుగారు ప్రసంగాన్ని సగానికి కుదించాల్సి వచ్చింది. బయటికి వస్తూ పెద్దలంతా నీ తల నిమిరి తెగ మెచ్చుకున్నారు. నీ నాయకత్వం చూసే మెచ్చుకున్నారని నువ్వు అనుకున్నావు. నేనూ అలాగే అనుకోనిచ్చాను.