గడప బయట మొదటి ఆకు

ఒకే ఒక్క మాటను నేను పన్నెండేళ్ళకు పైగా మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు. ఎవరినీ తిట్టలేదు. పైకి చూస్తే ఎవరి మీదా నేరం మోపలేదు కూడా. అందుకే ఇన్నాళ్ళు దాచగలిగాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళ ముఖం చూసి చెప్పలేక మీకు చెబుతున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు కనిపిస్తే, అక్కడ నన్ను నమ్మకండి.

మాది బెంగళూరు పేటలో నేతవాళ్ళ వీధి. ఇంటికొక గుంట మగ్గం. వీధిలో కన్నడం, ఇంట్లో తెలుగు. నాలుగో తరగతితో బడి మానేశాను గానీ లెక్కలు మానలేదు. మగ్గం మీద నిలువుగా సాగదీసే పడుగు ఎంత పొడవుండాలి, దానికి అడ్డంగా నేసే పేక ఎంత పడుతుంది, అంచులో శంఖానికీ చక్రానికీ మధ్య ఎన్ని పోగులు వదిలితే రెండు కొసలూ ఒకేలా వస్తాయి, ఇవన్నీ మా నాన్న పక్కన కూర్చుని నోటితో అనుకుంటూ నేర్చుకున్నాను. నాన్న పోయాక వీధిలో ఎవరు కొత్త పడుగు ఎక్కించినా నన్నే అడగడం మొదలుపెట్టారు. నేను చెప్పిన లెక్కను మళ్ళీ ఎవరూ వేసి చూసేవారు కాదు. అది నాకు ఎంత గర్వంగా ఉండేదో ఇప్పుడు చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

వీధి చివర రాములవారి భజనమందిరం. దాన్ని చూసుకునేది గురప్ప తాత. ఎవరికీ సొంత తాత కాదు, అందరికీ తాతే. శ్రీరామనవమికి స్వామికి కట్టే పట్టువస్త్రం మందిరం వెనక గదిలోనే నేస్తాం. నేసేవాడు తలస్నానం చేసి తడిబట్టతో మగ్గం గుంటలోకి దిగాలి. ఒక్కడే నెయ్యాలి. ఒకే పడుగు, మధ్యలో అతుకు ఉండకూడదు. నవమి ముందురోజు పొద్దున్నే తానే కోసి, మడిచి, తాత చేతిలో పెట్టాలి. స్వామికి చుట్టాక దాని కొంగు వచ్చి పీఠాన్ని తాకాలి.

ఇంకో ఆచారం ఉంది. దేవుడి మగ్గం దగ్గర తప్పు చేసినవాడు ఏడాదిపాటు గడప దాటి లోపలికి రాకూడదు. బయట బండ మీద కూర్చోవాలి. కానీ శనివారం భజన అయ్యాక ప్రసాదం మొదటి ఆకు అతనికే. తాతే స్వయంగా తీసుకెళ్ళి ముందు పెట్టేవారు. అతను ఒక ముద్ద తిన్నాకే లోపలివాళ్ళకు వడ్డన. ఏడాది నిండాక స్వామి ముందు తప్పు ఒప్పుకుంటే తీర్థమిచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొస్తారు. చిన్నప్పుడు నాకిది అర్థమయ్యేది కాదు. శిక్ష పడినవాడికి మొదటి ఆకేమిటి? అడిగితే తాత నవ్వి, బయట ఉండేవానికి ఆకలి ఎక్కువ గదప్పా, అన్నారు. అప్పుడు అది నాకు జవాబుగా తోచలేదు.

నరసింహులు బావ మా మేనత్త కొడుకు. నాకంటే కొంచెం పెద్ద. నన్ను లెక్కలోడా అని పిలిచేవాడు. భజనలో అతని గొంతు ఒక్కటే పదిమంది పెట్టు. మగ్గంలో కూర్చుంటే పేక దారం మోసే నాడె అతని చేతిలోంచి అటూ ఇటూ పోవడం చూస్తూ నేను నా పని మరిచిపోయేవాణ్ణి. అప్పుడప్పుడు తాగేవాడు. ఒకసారి వ్యాపారి చీర కొస కొంచెం కోసి కూతురికి టోపీ కుట్టించాడు. ఎవరూ పట్టుకోలేదు. తనే మందిరానికి వచ్చి అందరి ముందూ చెప్పాడు. తాత చీర మొత్తం మళ్ళీ నేయించారు. అయ్యేదాకా రోజూ తన ఇంటినుంచి సంగటి పంపించారు.

ఆ మరుసటి నవమికి స్వామి వస్త్రం నేసే వంతు బావదే. పడుగు లెక్క నాది. ఆ ఏడు తాత ముచ్చటపడి, వస్త్రం నిండా జరీ పేక వెయ్యాలన్నారు. నేను ఎప్పటిలాగే లెక్క కట్టి ఇచ్చాను.

నవమి ముందురోజు బావ వస్త్రం తెచ్చి ఇచ్చాడు. స్వామికి చుట్టి చూశారు. కొంగు పీఠానికి జానెడు పైనే ఆగిపోయింది.

"నరసింహా, ఏమప్పా ఇది?" అన్నారు తాత.

"నాకేం తెలుసు తాతా. మగ్గం మీద ఉండిందంతా నేసినాను. నేసిందంతా తెచ్చినాను."

వెనకనుంచి ఎవరో, "కూతురికి ఇంకో టోపీ కావాల్సొచ్చిందేమోలే" అన్నారు. ఒకరిద్దరు నవ్వారు.

బావ ముఖం మాడిపోయింది. "ఆ పొద్దు కోసినప్పుడు నేనే వచ్చి చెప్పలేదా? ఇప్పుడు కోసింటే చెప్పనా? సుమ్మనే నోటికొచ్చినట్ల మాట్లాడొద్దండి."

తాత అతన్ని నమ్మబోయారు. ఆ ముఖం నేను చూశాను, కాబట్టి చెప్పగలను. నమ్మే ముందు ఒక్కసారి నావైపు తిరిగారు.

"లెక్క నీది గదా. ఏమన్నా తప్పు పోయిందా అప్పా?"

"లేదు తాతా. సరిగ్గానే ఉండాది."

ఇదీ ఆ మాట.

లెక్క సరిగ్గా లేదు. ఆ సంగతి తాత అడగకముందే నాకు తెలుసు. కొంగు ఆగిన చోటు చూడగానే తెలిసింది. పేక దారం లావైతే పడుగు ప్రతి పోగు దగ్గరా దాని మీదుగా, కిందుగా ఎక్కువ వంగుతుంది. వంగిన మేరకు పొడవు తగ్గుతుంది. జరీ లావు, జరీ పేకకు పడుగు ఎక్కువ వదలాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు మొదట నేను చెప్పేదే ఇది. ఆ రోజు నేనే సన్న పట్టుకు వదిలినట్టు వదిలి ఊరుకున్నాను. ఎందుకు మరిచిపోయాను? తెలియదు. మరిచిపోవడం తప్పు కాదేమో. మనుషులు మరిచిపోతారు. కానీ దాని తర్వాత చెప్పింది మరిచి చెప్పింది కాదు.

భయపడ్డానా? భయపడ్డాను. దేనికి? బండ మీద కూర్చోవడానికా? నా లెక్కను ఇకమీదట మళ్ళీ వేసి చూస్తారనా? రెండూ ఉన్నాయి. కానీ అన్నిటికన్నా లోపల ఉన్నది వేరే. తాత నన్ను చూసే చూపు తగ్గిపోతుందనుకున్నాను. దేవుడి ప్రేమ కూడా అంతే అనుకున్నాను, గడప లోపల ఉన్నవాడికి ఇంత, బయటికి పోయినవాడికి ఇంత అని. అన్నీ కొలిచే అలవాటున్నవాణ్ణి, దాన్ని కూడా కొలిచాను. మొదటి ఆకు ఎటు వెళ్తుందో ప్రతి శనివారం కళ్ళతో చూస్తూ కూడా.

మరునాడు స్వామి పాదాల దగ్గర ఆ ఖాళీని తాత తులసిమాలతో కప్పారు. బావ బయట బండ మీద కూర్చున్నాడు. పానకం మొదటి లోటా అతనికే వెళ్ళింది. నేను లోపల కూర్చుని తాగాను.

ఏడాది తిరిగింది. తాత తీర్థం పట్టుకుని గడప దగ్గర నిలబడ్డారు. చేసింది ఒప్పుకో, లోపలికి రా, అన్నారు. బావ చెయ్యలేదు గనుక ఒప్పుకోనన్నాడు. అంతే. కోపంగా కూడా అనలేదు. ఒప్పుకోకుండా లోపలికి పిలిస్తే ఆచారం పోతుంది. పిలవకపోతే మనిషి పోతాడు. తాత అంత ఇబ్బంది పడటం నేనెప్పుడూ చూడలేదు. ఆ ముడి విప్పే మాట నా దగ్గరుంది. నేను స్తంభం పక్కన నిలబడి ఉన్నాను.

వీధిలో బావకు మంచి పట్టు నేత ఇచ్చేవాళ్ళు లేకపోయారు. పెళ్ళాం పుట్టిల్లు సర్జాపుర. అక్కడా మగ్గాలున్నాయి. అక్కడికి వెళ్ళిపోయాడు. కానీ ప్రతి శనివారం బస్సెక్కి వచ్చేవాడు. బండ మీద కూర్చుని, లోపలివాళ్ళకంటే గట్టిగా పాడేవాడు. వాన పడితే గొడుగు కింద పాడేవాడు. స్వామి మీద అతనికి కోపం రాలేదు. అదే నాకు అర్థం కాలేదు. కోపం వచ్చి ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేదేమో.

ఆ ఏళ్ళలో నేను చాలా లెక్కలు వేసుకున్నాను. బావ తాగుడు మానేశాడు కదా, అదొక మేలు. సర్జాపురలో కుదురుకున్నాడు కదా, అదొక మేలు. శిక్ష వల్లే బాగుపడ్డాడు, ఆ మాట చెప్పింది నేను కాదు, స్వామే నా నోటితో అలా చెప్పించాడు, అని కూడా అనుకున్నాను. ఇంతకంటే నీచమైన లెక్క నేను ఎన్నడూ వెయ్యలేదు. నా అబద్ధాన్ని దేవుడి చేతిపని అన్నాను.

తాతకు వయసు మీద పడింది. ఆకు పట్టుకుంటే చేతులు వణికేవి. అయినా ఇంకొకరికి ఇచ్చేవారు కాదు. ఒక శనివారం మొదటి ఆకుతో పాటు ఇంకో ఆకు తీసుకుని బయటికి వెళ్ళారు. బావ కొంచెం జరిగాడు. తాత ఆ బండ మీదే కూర్చుని అతనితో కలిసి తిన్నారు. అప్పటినుంచి పోయేదాకా తాత లోపల తినలేదు. ఆచారం తప్పలేదు. మనిషినీ వదల్లేదు. ఎండాకాలం మగ్గం దగ్గర తాత చెప్పేది గుర్తొచ్చేది. పడుగు బిగువు తగ్గితే బట్ట జోలెలా సాగుతుంది, బిగువు మరీ ఎక్కువైతే పోగు తెగుతుంది, అందుకే చేత్తో ముట్టి చూసి, నీళ్ళు చిలకరించి, మళ్ళీ బిగించాలని చెప్పేవారు. ఒక పోగునూ విసిరి పారెయ్యరు. తెగింది కూడా ముడేసుకుంటారు. స్వామి మమ్మల్ని అలా ముట్టి చూస్తాడని తాత ఎప్పుడూ అనలేదు. చేసి చూపించారు.

మరి నా సంగతి? నాకు ఇన్నేళ్ళూ దక్కింది దయ ఒక్కటే. మర్యాద, నమ్మకం, పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవడం. ఎవరూ ఒక్క మాట అనలేదు. అది తీపిగా ఉండాలి కదా. లేదు. పడుగు లేకుండా పేక ఒక్కటీ కుప్ప పోసినట్టుంది. బండ మీద కూర్చున్న బావకు శిక్షా, దయా రెండూ దక్కాయి. నేను అతన్ని చూసి అసూయపడ్డాను. నేను కూర్చోబెట్టిన చోటు చూసి నేనే అసూయపడ్డాను. ఇది రాయడం అన్నిటికంటే కష్టంగా ఉంది.

తాత పోయాక మందిరం నాకప్పగించారు. జాగ్రత్త మనిషి, తప్పు చెయ్యడు, అన్నారు. కాబట్టి ఇప్పుడు మొదటి ఆకు తీసుకెళ్ళేది నేనే. ప్రతి శనివారం వంగి బావ ముందు పెడతాను. అతని జుట్టు నెరిసింది. నా ముఖంలోకి చూసి నవ్వుతాడు.

"ఏమి లెక్కలోడా, పులిహోరలో ఉప్పు సరిగ్గా పడిందా?"

ఎగతాళే. ప్రేమగానే అంటాడు. ప్రతి వారం నేను నవ్వి లోపలికి వచ్చేస్తాను.

వీధిలో ఇప్పుడు కరెంటు మగ్గాలు వచ్చాయి. నా లెక్కలతో పని తగ్గింది. అడిగేవాళ్ళు తగ్గాక, దాచుకోవడానికి ఇంక ఏముంది అనిపించింది. ఇదేం గొప్ప కారణం కాదని నాకు తెలుసు. పరువు బాగా ఉన్న రోజుల్లో చెప్పనివాణ్ణి, అరిగిపోయాక చెబుతున్నాను. అది కూడా నా తప్పులోనే కలపండి.

ఇదిగో, రాస్తున్నాను. లెక్క తప్పు నాది. బావ ఒక్క పోగు కూడా కొయ్యలేదు. నాకు తెలిసే సరిగ్గా ఉందని చెప్పాను.

రాశాక పైకి చదివాను. నా గొంతుతో నేనే విన్నాను. తప్పు తగ్గలేదు. పోయిన ఏళ్ళు రాలేదు. తాత లేరు. ఊపిరి మాత్రం కొంచెం కిందిదాకా పోయింది.

ఈ శనివారం భజన అయ్యాక, వడ్డనకు ముందే, స్వామి ముందు అందరూ వినేలా ఇదే చెబుతాను. గడప దాటి బయటికి వెళ్తాను. బావ క్షమిస్తాడని అనుకోవడం లేదు. అడగను కూడా. ఆచారం ప్రకారం అతన్ని లోపలికి పిలుస్తారు. పన్నెండేళ్ళ తర్వాత పిలిస్తే వస్తాడో రాడో నాకు తెలియదు. నాకు ఆకు ఎవరు తెస్తారో, తెస్తారో లేదో కూడా తెలియదు. ఏం జరుగుతుందో నేను లెక్క కట్టలేదు. బావ లోపలికి రానంటే మాత్రం, ఆ బండ పెద్దదేమీ కాదు. అతను జరిగితేనే నాకు చోటు.