సున్నపు పొడిలో అరచెయ్యి

మొన్న ఎల్లారెడ్డి అంగడిలో చెప్పులు ముందేసుకుని కూర్చున్నాను. కామారెడ్డి నుంచి వచ్చిన బండి మనిషి నా ఎదుట ఆగి తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. "అయ్యగారూ, మీ దవాఖాన నర్సక్క పోయింది. నిన్న పొద్దుగాల. జెరమొచ్చింది, మూడు దినాలె" అన్నాడు. నా చేతిలో చెప్పులు కుట్టే ఆర తోలులో దిగినది దిగినట్టే ఆగిపోయింది. ఆ ఆర పట్టిన చెయ్యి ఆమె తెరిచిన చెయ్యి.

సహోదరులారా, మీలో చాలామంది నన్ను ఎరుగుదురు. నేను బడి ముఖం చూసినవాణ్ణి కాను. చెప్పులు కుట్టుకుంటూనే అక్షరాలు కూడబలుక్కున్నాను. అంగడి రోజున ఖాళీ బండి ఎక్కి దేవుని వాక్యం చెప్పేవాణ్ణి. మెల్లగా చెప్పడం నాకు ఎన్నడూ చేతకాలేదు. కొన్నేళ్ల కింద ఒకనాడు నరకాగ్ని గురించి చెబుతూ చెయ్యెత్తి ఒక్క అరుపు అరిచాను. ఎద్దులు బెదిరి బండిని ముందుకు లాక్కుపోయాయి. నేను వెనక్కి, కుడి అరచేతి మీద పడ్డాను. మణికట్టు దగ్గర ఎముక పటుక్కుమన్నది.

ఊళ్లో వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టించుకున్నాను. పది రోజులకు చెయ్యి వాచి వంకర తిరిగింది. అప్పుడు కామారెడ్డిలో రైలెక్కి మిషను దవాఖానకు పోయాను. డాక్టరు దొర ఎముకను ఫోటో తీసి చూశాడు. ముక్కలు జారిపోతున్నాయి, ఉత్త కట్టుకు నిలవవు, కోసి ఉక్కు రేకు పెట్టి మరలు బిగించాలన్నాడు. అయినా మణికట్టు బిగుసుకుపోతే ఆర పట్టలేవు అని కూడా అన్నాడు. ఇంట్లో ఆరుగురం ఆ ఆర మీదే బతుకుతున్నాం.

నన్ను నర్సక్కకు అప్పగించారు. ఆమె పుట్టింది బీర్కూర్ దిక్కు. పొట్టి మనిషి, మందునీళ్లకు పగిలిన చేతులు. మోచేతుల దాకా కడుక్కుని తుడుచుకోకుండా రెండు చేతులూ పైకెత్తి ఆరబెట్టుకునేది. ప్రార్థన చేస్తున్నదేమో అని మొదటి రోజు నేనూ కళ్లు మూసుకున్నాను.

"ఎట్ల విరిగింది తమ్మి?" అని అడిగింది. చెప్పాను. "ఎద్దులకు గూడ భయం పెట్టినవా! మనుషులేం బతుకుతరు నీతోని" అని నవ్వింది.

కోతకు ముందు రెండు రోజులు చేతిని సబ్బుతో తోమి, వెంట్రుకలు గీసి, ఘాటు మందు పూసి, మరగబెట్టిన తెల్లబట్టలో చుట్టింది. "ముట్టకు. ఎవ్వలు ముట్టుకున్నా మళ్ల మొదటికొస్తది" అన్నది. లోపల చీము పడితే చెయ్యే తీసేయవలసి వస్తుందట. నా ధోవతి తీసుకుని దవాఖాన బట్టలు తొడిగించింది. పారిపోదామనుకున్నా ఆ బట్టలతో గేటు దాటలేను. పరిశుద్ధ గ్రంథం రొమ్ము మీదే ఉంది, పుట తిప్పే కుడిచెయ్యి మూటలో ఉంది. చేప కడుపులో పడిన ప్రవక్తకు కనీసం రెండు చేతులున్నాయి గదా అనుకున్నాను.

మూడో రోజు ముక్కు మీద క్లోరోఫారం బట్ట పెట్టి అంకెలు లెక్కపెట్టమన్నారు. నేను ఆ ప్రవక్త కథే ఎత్తుకుని గట్టిగా చెప్పసాగాను. లేచేసరికి ఆమె పక్కనే ఉంది. "ఆయనను చేప మింగకముందే నిన్ను నిద్ర మింగింది తమ్మి" అన్నది. వేళ్ల మొదళ్ల నుంచి మోచేతి దాకా సున్నపు కట్టు, తడి ఆరి రాయి అయింది. లోపల ఉక్కు రేకు, పైన రాయి, నడుమ నేను.

ఆ కట్టు నుంచి బయటికి కనిపించేవి వేళ్లే. వాటిని గంటగంటకు ముడిచి చాపమన్నది. మంచం పక్కనుంచి పోయిన ప్రతిసారీ "వేళ్లు ఆడినయా?" అని అడిగేది. నేను ఆడించలేదు. నొప్పి ఒక కారణం. అసలు కారణం వేరు. సముద్రపు ఒడ్డున వెనక సైన్యం, ముందర నీళ్లు, నడుమ చిక్కుకున్న జనాన్ని దేవుడు కదలకుండా నిలబడి చూడమన్నాడు గదా. నా చేతికీ అదే ఆజ్ఞ అనుకున్నాను. దేవుడు కదిలించేదాకా కదిలించనని మొక్కుకున్నాను. ఆ మొక్కు ఎవరికీ చెప్పలేదు. ఆమె అడిగితే "ఆడినయి అక్కా" అని అబద్ధం చెప్పాను. వాక్యం చెప్పే నోటితోనే చెప్పాను.

కట్టుకు కిటికీ కోసి కుట్లు విప్పే రోజున దొర నా వేళ్లు పట్టి చూశాడు. ఉబ్బి, మెరుస్తూ, కట్టెల్లా ఉన్నాయి. వార్డంతా వినేట్టు ఆమె మీద కేకలేశాడు. "రోజూ ఆడించమంటిని గదా! ఏం చూస్తివి?"

ఆమె నా వంక ఒక్కసారి చూసింది. "నేనే సరిగ్గ చూడలె దొరా" అన్నది.

నెల రోజులు ఆమెను ఆపరేషన్ గదిలోకి రానివ్వలేదు, కట్లు కట్టే బట్టలు ఉతికే పనికి పెట్టారు. సహోదరులారా, ఎద్దులు బెదిరేట్టు అరిచిన నేను ఆ పూట నోరు తెరవలేదు. చెయ్యి ఒక కట్టులో, నోరు ఒక కట్టులో పడ్డాయి.

సాయంత్రం సబ్బు వాసనతో వచ్చి మంచం మీద కూర్చుంది. నేను తప్పు ఒప్పుకోలేదు, మొక్కు సంగతి మాత్రం చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను.

"నీ వాక్యంల ఎండిన చెయ్యోడు ఒకడున్నడు గద తమ్మి. ప్రభువు వాని చెయ్యి వట్టి గుంజిండా?"

"లేదక్కా. చాపుమన్నడు."

"మరి ఎవలు చాపిండ్రు?"

నాకు జవాబు తెలుసు. "వాడే" అన్నాను.

"గదే. ఇగ చాపు."

చాపాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె లేవలేదు. "ఇంకొకటి" అంటూ పది లెక్కపెట్టింది.

ఆరు వారాలకు కట్టు కోసి తీశారు. చెయ్యి ఎండుకొమ్మలా సన్నబడి ఉంది, మణికట్టు వంగలేదు. ఆమె రోజూ వేన్నీళ్లలో ముంచి, నూనె రాసి, వరండాలో నల్లరాతి మీద సున్నపు పొడి పలచగా చల్లి అరచెయ్యి ఒత్తమనేది. మొదటి రోజు అయిదు చుక్కలు పడ్డాయి. "ఇది చెయ్యి గాదు, కోడికాలు" అన్నది. తర్వాత వేళ్లు పడ్డాయి. తర్వాత మొదళ్లు. ఇంటికి పోయే ముందు రోజు మణికట్టు దగ్గరి అరచేతి అడుగు కూడా పడింది. నడుమ మాత్రం పొడి అంటలేదు. ఎంత ఒత్తినా అంటలేదు.

"ఆ గుంట ఉంటది తమ్మి, అందరికీ ఉంటది. నీళ్లు దేంట్ల తాగుతవ్ మరి?" అని నవ్వి, ఆర తెచ్చావా అని అడిగింది. నా సంచిలోంచి తీసి ఇస్తే, నా పిడికిట్లో పెట్టి తన చేత్తో మూసింది.

పని మానుకున్నాక ఆమె కామారెడ్డిలో తమ్ముని ఇంట్లో ఉన్నది. రెండుసార్లు చూడబోయాను. రెండుసార్లూ చెప్పులు ఇచ్చి, ప్రార్థన చేసి వచ్చాను. క్షమించమనే ఆ ఒక్క మాట అడగలేక వచ్చాను.

ఈసారి పోయేసరికి ఆమె సమాధి మీద మట్టి వేసి రెండు రోజులయింది. సన్నగా వాన. ఆమె తమ్ముడు "అయ్యగారూ, రెండు మాటలు చెప్పుండ్రి" అన్నాడు. మహిమ గురించి, కిరీటం గురించి మాటలు నోటి నిండా ఉన్నాయి. అవన్నీ మింగేశాను. "ఆ దినం తప్పు నాది బాపు. దొరకు నేను చెప్పలె. మాటలు మీ అక్క పడ్డది" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. ఆమె ఇంట్లో ఎన్నడూ చెప్పలేదట.

మోకరించి ఆ తడి మట్టి మీద కుడి అరచెయ్యి ఒత్తాను. లోపల ఉక్కు చల్లగా తగిలింది. చెయ్యి తీశాను. అయిదు వేళ్ల గుంటల్లోకి వాననీళ్లు చేరుతున్నాయి. నడుమ కొంచెం మట్టి ఎత్తుగా, నా చెయ్యి అందని చోట, అట్లాగే ఉంది.