బాపు భుజం మీద పరీక్ష

మా బిడ్డకు పన్నెండేండ్లు. బడిల షూటింగ్ టీమ్‌కు ఎంపికైంది. ఇయ్యాల ఆబిడ్స్‌ల ఒక పాత తుపాకుల దుకాణానికి ఎయిర్ రైఫిల్ కొనడానికి పోయినం. వద్దన్నా బిడ్డ తాత, మా బాపు కూడా వచ్చిండు.

లోపల అడుగు పెట్టంగనే బాపు సేటుతోని, "జింకను కొట్టేటిది చూపియ్యి. కానీ పేలినప్పుడు వెనకకు ఎక్కువ తన్నొద్దు, పోరిది సన్నటి భుజం" అన్నడు.

సేటు నవ్విండు. "పెద్దాయనా, ఇప్పుడు జింకను కొడితే సీదా జైలే. పాప కొట్టేది కాగితాన్ని. గిది అస్సలే తన్నదు."

బాపు నమ్మలే. "ముందుగాల నేను కొట్టి చూస్త" అని తువ్వాల నాలుగు మడతలు పెట్టి భుజం మీద ఏసుకున్నడు. వెనక గదిల కాగితానికి గురిపెట్టి, పండ్లు బిగబట్టి, కండ్లు గట్టిగ మూసుకొని నొక్కిండు. టుక్కుమన్నది, అంతే. బాపు మాత్రం అట్లనే బిగుసుకొని నిలబడ్డడు.

"తాతా, అయిపోయింది. కండ్లు తెరువు" అన్నది బిడ్డ.

రైఫిల్ కొని నాంపల్లి దాకా నడుస్తుంటే అప్పుడు చెప్పిండు బాపు. చిన్నప్పుడు వాళ్ల నాయిన ఏమీ చెప్పకుండ నాటు తుపాకి చేతుల పెట్టిండంట. మొదటి దెబ్బకే వెనకకు ఎల్లెలకల పడ్డడంట. వారం దినాలు భుజం వాచినా ఎవ్వరికీ చెప్పలేదంట.

ఇంటికొచ్చినంక బిడ్డ రేపటి ప్రాక్టీసుకు సంచి సర్దుకున్నది. రైఫిల్ తోపాటు తాత తువ్వాల కూడా పెట్టుకున్నది. కోచ్ నవ్వుతడేమో, నవ్వనియ్యి.

మీకు తగలాల్సిన తన్ను ముందుగాల తను తిని చూసినోళ్లు మీ ఇంట్ల ఎవరున్నరు?