మామ చూసిన కణాలు

మా మేనమామకు పుట్టుకతోనే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు. గోదావరిఖనిలో గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం నడిపేవాడు. ఏ దెబ్బా తగలకుండానే ఒక్కోసారి మోకాలి లోపల రక్తం కారి కాలు ఉబ్బేది. అలాంటప్పుడు తాతతో గనిలో పనిచేసేవాళ్లు షిఫ్టు దిగి, కళ్ల అంచుల్లో బొగ్గు నలుపు అలాగే ఉండగా, దవాఖానకు వచ్చి రక్తం ఇచ్చేవాళ్లు. అందులోంచి తీసిన పసుపుపచ్చని ద్రవాన్ని మామకు ఎక్కించేవాళ్లు.

"సగం గని నా ఒంట్లనే ఉన్నది బిడ్డా" అనేవాడు మామ, కళ్లు మూసుకుని.

తెలంగాణ రావడానికి మూడు నాలుగేళ్ల ముందు నేను హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో చేరాను. రక్తాన్ని గడ్డకట్టించే మనిషి ప్రొటీను జన్యువును చిట్టెలుక జాతి జంతువు కణాల్లో పెట్టి, వాటి చేత ఆ ప్రొటీను చేయించడం మా పని. కణాలు గులాబీ రంగు ద్రవంలో, ఒంటి వేడి ఉన్న పెట్టెలో పెరిగేవి. ద్రవం పసుపు రంగుకు తిరిగితే దాన్ని మార్చేదాన్ని. పెట్టె తలుపు తీయగానే వెచ్చని గాలి ముఖానికి తగిలేది. ఆ గదిలోని సన్నని హోరులో గంటల తరబడి నిద్రలో నడిచినట్టు తిరిగేదాన్ని.

ఒక ఆదివారం మా సారును అడిగి మామను అక్కడికి తీసుకెళ్లాను. గడియారాలు చూసే అలవాటు కొద్దీ ఒక కన్ను మూసి సూక్ష్మదర్శినిలోకి చూశాడు.

"గివి ఎలుకవేనా?"

"కణాలు ఎలుకవే మామా. చేసేది మాత్రం మనిషిది. నీ ఒంట్ల లేనిది."

"ఎవలకోసం చేస్తున్నయో వాటికి ఎరుకేనా?"

"ఎట్ల ఎరుకైతది."

మామ తల ఎత్తకుండానే అన్నాడు: "అయితే ఇగ షిఫ్టు దిగినోళ్లను పిలిచే పని లేదన్నట్టు."

కానీ మా కణాలు చేసే ప్రొటీను మరీ తక్కువ. ఏడాది తర్వాత ఆ పని ఆపేశారు. సీసాలన్నిటిలో బ్లీచింగు ద్రవం పోసి కణాలను చంపింది నేనే. ఇంటికొచ్చి మామకు ఫోన్ చేసి చెప్పాను.

"అన్నిటినా?" అన్నాడు.

"కొన్నిటిని గడ్డకట్టే చలిల దాచిపెట్టినం."

"అయితే పండుకున్నయన్నట్టు. ఏడ్వకు బిడ్డా."

ఆ తర్వాతి వానాకాలం మామ మోకాలు మళ్లీ ఉబ్బితే నేను గోదావరిఖనికి వెళ్లాను. అప్పటికి ఇలాంటి కణాలతోనే ఇంకెక్కడో తయారైన మందు సర్కారు దవాఖానకు వచ్చింది. నర్సు చిన్న సీసాలోని తెల్లపొడిలో నీళ్లు కలిపి, ఊపకుండా మెల్లగా తిప్పింది. అది కరిగేదాకా మామ దాన్నే చూస్తూ కూర్చున్నాడు. వరండాలో రక్తం ఇవ్వడానికి ఎవరూ నిలబడి లేరు.

పదేపదే ఉబ్బి మోకాలికి వచ్చిన పాత వంకర అలాగే ఉంది, ఉబ్బు మాత్రం తగ్గింది. నాలుగో రోజు పొద్దున మామ దుకాణం తెరవడానికి బయలుదేరాడు. సన్నని తుంపర పడుతోంది. నేను చెయ్యి అందించబోతే వద్దని, తడిసిన దారిలో ఎక్కడా ఆగకుండా ముందుకు నడిచాడు.